మిడతకు పోసిన బిందెలు

ఆ రోజుల్లో దారిలో బండి ఆగిపోతే జనం పోగయ్యేవాళ్ళు. ఒక్కడికీ పని తెలిసేది కాదుగానీ ప్రతివాడి దగ్గరా ఒక సలహా ఉండేది. ఇప్పుడు బండి ఆగితే జనం దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతారు, బండిగలాయన ఒక్కడే ఫోను చెవికి పెట్టుకుని ఎండలో నిలబడతాడు. ఏది మేలో నేను చెప్పను. నరసరావుపేటలో మా షెడ్డుకి ఇప్పటికీ అప్పుడప్పుడూ హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి పాత ఇంగ్లీషు బండ్లు వస్తుంటాయి. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు, పైకప్పు ఉండీ లేనట్టు ఉంటుంది. ఒకప్పుడు దొరలు సరదాకి, పందేలకి తోలుకున్నవి. వాటిలోంచి నడుం పట్టుకుని దిగినవాళ్ళు నన్ను చూసి "మెకానిక్ లేరా అమ్మా?" అంటారు. "ఉంది, కూచో" అంటాను. పని అయ్యాక, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతారు. వచ్చినవాళ్ళందరికీ చెప్పలేక నోరు నొప్పిపుట్టి, ఇదిగో, రాసి పెడుతున్నాను. (అక్షరాలు నాకు మనవరాలి పలక మీద, చానా ఆలస్యంగా వచ్చాయి. చువ్వలు మాత్రం చిన్నప్పుడే వచ్చాయి. ఇందులో తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. నా బండ్లలో మాత్రం తప్పులు వెతకొద్దు.)

మా అబ్బాది, అంటే మా నాన్నది, సైకిల్ షాపు. అద్దె సైకిళ్ళు, పంచర్లు, వంకరపోయిన చక్రాలు సరిచెయ్యడం, ఇదీ పని. నాకు ఊహ తెలిసేసరికే చక్రాన్ని ఫోర్కుకి బిగించి, గిర్రున తిప్పి, ఎక్కడ ఊగుతుందో చూసి ఆ చువ్వను బిగించడం వచ్చు. చువ్వను గోటితో మీటితే బిగువుగా ఉన్నది ఒకలా, వదులైంది ఒకలా పలుకుతుంది. ఆ మోత విని చెయ్యడమే తప్ప నాకు వేరే చదువు లేదు. పెద్దదాన్నయ్యాక కూడా షాపు మానలేదు. ఓణీ నడుముకి బిగించి కూచునేదాన్ని. దానికి అబ్బా ఏమీ అనేవాడు కాదు, అమ్మ అని అని ఊరుకుంది. ఏదో ఒకటి అనకుండా ఒక్కరోజు కూడా ఊరుకోనివాడు మా మామూ, అంటే మా అమ్మ తమ్ముడు. ఆయనకి బస్టాండు అవతల లారీ షెడ్డు ఉండేది. పొద్దున్నే టీ తాగడానికి మా షాపు ఎదురుగా ఉన్న టీ కొట్టుకి రావడం, గ్లాసు పట్టుకుని నా చేతులు చూడటం, ఆ రోజు మాట ఆ రోజు అనడం. "ఏమే, ఆడపిల్ల గోళ్ళల్లో గోరింటాకు ఉంటదా, గ్రీజు ఉంటదా?" అనేవాడు. "గోరింటాకు పెట్టుకుంటే చక్రం తిరుగుద్దా మామూ?" అనేదాన్ని. టీ కొట్టాయన నవ్వేవాడు. ఆయన నవ్విన కొద్దీ మా మామూకి నామీద కసి పెరిగేది.

ఇలా ఉండగా ఆ బండి వచ్చింది. క్రోసూరు వైపు ఒక పొగాకు కామందు ఉండేవాడు. ఆయన లారీలన్నీ మా మామూ షెడ్డులోనే బాగయ్యేవి. ఆయన మద్రాసు పోయి, దేశం వదిలిపోతున్న ఒక దొర దగ్గర రెండు సీట్ల ఎర్రబండి కొన్నాడు. అది నడవదని కొన్నాక తెలిసింది. పత్తి లారీలో ఎక్కించుకొచ్చి షెడ్డు ముందు దించితే ఊరంతా వచ్చి చూసింది. పొడుగాటి ముక్కు, ముక్కుకి అటూ ఇటూ బయటికి పొడుచుకొచ్చిన గుడ్లలాంటి లైట్లు, వెనక చిక్కిపోయిన నడుం. అచ్చంగా మిడతే. నేనలా అన్నానని ఊళ్ళో అందరూ దాన్ని మిడత అనడం మొదలుపెట్టారు, కామందుతో సహా. "మా చినబాబు పెళ్ళికి ఊరేగింపు దీంట్లోనే. ముహూర్తం రోహిణి కార్తెలో. ఈలోగా నడవాల" అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

మా మామూ లారీలకి రాజు. కాదనను. కానీ ఆయన బానెట్ తలుపు తీశాడు, చూశాడు, మళ్ళీ మూశాడు. అక్కడ పెట్రోల్లో గాలి కలిపే కార్బొరేటర్ ఒకటి ఉండాల్సిన చోట రెండున్నాయి. చక్రాలు విప్పుదామంటే బోల్టులు లేవు. చక్రం నడిమధ్యన రెండు చెవులున్న పెద్ద ఇత్తడి మర ఒకటే ఉంది. దాన్ని ఆయన ఇనప సుత్తితో బాదాడు. అది ఒక పక్కన కుడికి, రెండో పక్కన ఎడమకి తిరిగే మర. ఊడుతుందనుకుని ఆయన బిగించుకుంటూ పోయాడు, చివరికి ఒక చెవి విరిగింది. అప్పుడు ఆయనకి మా షాపు గుర్తొచ్చింది. "ఈటికి చువ్వలున్నయ్ గదా బావా! ఇది సైకిలే. నీ కూతురు చేసుద్దిలే" అని మా అబ్బాతో నలుగురిలో ఎగతాళిగా అని, చక్రాలు, వాటితోపాటు మొత్తం బండినీ మా షాపు ముందుకి తోయించాడు.

ఎగతాళి ఆయనది, బండి నాది అనుకున్నాను. సైకిల్ ఎడమ పెడల్ మర ఎటు తిరుగుతుందో తెలిసిన పిల్లకి ఆ ఇత్తడి మర ఒక లెక్కా? కొయ్య సుత్తితో రెండు దెబ్బలు వేస్తే వచ్చింది. చువ్వలు ఒక్కొక్కటే మీటి సరిచేశాను. రెండు కార్బొరేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలియాలంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండోది కార్బొరేటర్ మూతి దగ్గర పెట్టి, ముందు దీని బుసా తర్వాత దాని బుసా విని, రెండూ ఒకేలా వినబడేదాకా మరలు తిప్పాను. (ఇప్పుడు దీనికి గాజు గొట్టం పరికరం అమ్ముతున్నారట. మా గొట్టం ఇంకా ఉంది.) కార్బొరేటర్ నెత్తిన ఉన్న చిన్న డబ్బాలో పల్చటి నూనె పోయాలి. మా అమ్మ కుట్టుమిషను నూనె పోశాం. పెట్రోలు తోడే కరెంటు పంపు తాళం తిప్పగానే టక టక టకమని కొట్టుకుని, కార్బొరేటర్లు నిండగానే నోరు మూసుకుంటుంది. ఆ టకటక నాకు చానా ఇష్టంగా ఉండేది. బండి మాట్లాడుతున్నట్టు ఉండేది. ఇంజనాయిలు మాత్రం ఎన్ని బిగించినా కింద కారుతూనే ఉంది. దాని కింద మా అమ్మ పిండి కలిపే బేసిను పెట్టి తిట్లు తిన్నాను. ఆ బండ్లన్నీ కారుతాయని, కారకపోతే లోపల నూనె అయిపోయినట్టేనని తర్వాత తెలిసింది.

ఒక్క రేకు దగ్గర మాత్రం మా మామూ మాట చెల్లింది. కార్బొరేటర్లకీ పొగగొట్టానికీ మధ్య అరచెయ్యంత వెడల్పున ఒక ఇనప రేకు ఉండేది. నేను దాన్ని తుడిచి పక్కన పెట్టి, అన్నానికి ఇంటికి పోయి వచ్చేసరికి లేదు. మా మామూ దాన్ని టీ కొట్టాయనకి ఇచ్చేశాడు. "దొరలు షోకుకి పెట్టుకున్న రేకది. ఇంజనుకి దుప్పటేందే ఈ ఎండల్లో?" అన్నాడు. బోల్టులు పొడుగ్గా మిగిలితే వాషర్లు కూడా ఆయనే వేయించాడు. అది ఎందుకుందో నాకూ తెలియదు. తెలియనిదాని గురించి ఎంతసేపు పోట్లాడతాం? ఊరుకున్నాను.

బండి స్టార్టయింది. మొదటిసారి అది గర్రుమన్నప్పుడు టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా గ్లాసులు వదిలేసి వచ్చారు. అబ్బా నా నెత్తిమీద చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే మా మామూ అందరూ వినేలా గొంతెత్తాడు. "స్టార్టవటం కాదు బావా, నడవాల. ఇదిగో, అందరిముందూ చెప్తన్నా. పెళ్ళి ఊరేగింపులో విడిదింటి కాడ్నించి పెళ్ళికూతురి గడప దాకా ఎవడూ చెయ్యేసి తొయ్యకుండా ఈ మిడత పోయిందనుకో, నీ కూతురు జన్మంతా షాపులోనే కూచోనీ, నేను నోరెత్తను. ఒక్కసారి తోశారా, తెల్లారి గురజాల బస్సెక్కియ్యాల. మా పెద్దక్క కాడ బీడీలు చుట్టుకుంటది. ఆడపిల్లని చెడగొట్టావని రేపు నన్నంటారు అందరూ." అబ్బా నావైపు చూశాడు. ఆయన మెత్తని మనిషి, బామ్మర్ది గొంతు ముందు ఎప్పుడూ గెలవలేదు. అందుకని నేనే అన్నాను. "సరే మామూ. కానీ గెలిస్తే నోరెత్తనంటే సరిపోదు. పొద్దున్నే నా గోళ్ళు చూడటం కూడా మానాల." టీ కొట్టాయన మళ్ళీ నవ్వాడు.

అప్పటికి మా మామూకి తెలియంది ఒకటుంది. కామందు డ్రైవరుకి బొజ్జ. ఊరేగింపు రోజు విడిదింటి ముందు ఆయన మిడతలోకి దూరాడుగానీ స్టీరింగు చక్రం బొజ్జలోకి దిగబడి తిరగలేదు. ఇద్దరు పట్టుకుని బయటికి లాగారు. కామందు చుట్టూ చూసి మా మామూని పిలిచాడు. "నువ్వు సన్నంగానే ఉన్నావుగా, ఎక్కు." కాదనలేడు, లారీలన్నీ కామందువి. పైగా ఆయనకి ఎక్కాలనే ఉంది. కొత్త చొక్కా, నెత్తిన నూనె, పక్క సీట్లో తలపాగా పెట్టుకున్న పెళ్ళికొడుకు. ఎక్కి హారను కొట్టాడు. అది పిల్లి గొంతులా అరిచింది. నేను కొయ్య సుత్తి ఒక చేత్తో, గుడ్డ ముక్క ఒక చేత్తో పట్టుకుని బండి పక్కన నడుస్తున్నాను. మా మామూ మొహం చూసి నాకు నవ్వొచ్చింది. మిడత ఆగితే నేను బస్సెక్కుతాను, నిజమే. కానీ రెండూళ్ళ జనం ముందు ఆగిన బండిలో కూచునేది నేను కాదు.

పెళ్ళికూతురిది పెదకూరపాడు పక్క ఊరు. సాయంత్రం అన్నారుగానీ రోహిణి కార్తెలో సాయంత్రం ఎక్కడుంటుంది? రోడ్డు మీద కాలు పెడితే చెప్పులో సెగ. మేం మిడతని ఎప్పుడు నడిపి చూసినా తెల్లవారుజామున, చల్లటి వేళ, ఊరి బయట రోడ్డు మీద జోరుగానే తోలాం. అది పరిగెత్తడానికి పుట్టిన బండి. దాన్ని ఇప్పుడు బ్యాండుమేళం వెనక, ముసలి ఎద్దు నడకన, పది అడుగులకొకసారి ఆపి, మేళగాళ్ళు పాట ముగించాక మళ్ళీ కదిలిస్తున్నాం. బంతిపూల దండలు తెచ్చి మూతికి కడుతుంటే నేనే పోట్లాడి వెనక్కి కట్టించాను, మూతి మూస్తే ఊపిరెట్లా ఆడుతుందని. అది సరే. కానీ రెండో మలుపు తిరిగాక పంపు కొట్టుకోవడం మొదలుపెట్టింది. టకటకటకటక, ఆగకుండా. నిండితే నోరు మూసుకోవాల్సింది. మూసుకోవట్లేదంటే నిండటం లేదన్నమాట. ఇంజను ఒకసారి దగ్గింది, రెండుసార్లు దగ్గింది, ఆగిపోయింది.

మేళం కూడా ఆగింది. జనం పోగయ్యారు, సలహాలు వచ్చాయి. మా మామూ తాళం తిప్పుతున్నాడు, చెమట కొత్త చొక్కాని వీపుకి అంటించేసింది. "తోద్దాం పట్టండ్రా" అని నలుగురు కుర్రాళ్ళు వెనక్కి వచ్చారు. నేను సుత్తి ఎత్తాను. "చెయ్యేశారో, వేళ్ళు మిగలవు!" అన్నాను. మా మామూ నావైపు తిరిగి పళ్ళ సందుల్లోంచి అన్నాడు. "తొయ్యనీవే! పరువు పోతంది." "నీ పరువు పోద్ది, నా షాపు పోద్ది. దేన్ని ఆపమంటావు మామూ?" పెళ్ళికొడుకు తలపాగా సర్దుకుని ముందుకే చూస్తున్నాడు, ఇదంతా వేరే పెళ్ళిలో జరుగుతున్నట్టు.

బానెట్ ఒక పక్క తలుపెత్తాను. మిడత రెక్క విప్పినట్టు అయింది. పెట్రోలు గొట్టం ముట్టుకుంటే చెయ్యి కాలింది. కార్బొరేటర్ పక్కన చిన్న గిన్నెలోంచి గళగళమని మోత, టీ మరుగుతున్నట్టు. పెట్రోలు తెర్లుతోంది! కిందనున్న పొగగొట్టం సెగ తిన్నగా దానికి కొడుతోంది. ఆవిరైపోయిన పెట్రోలు ఇంజనులోకి ఎట్లా పోతుంది? చల్లబరచాలి. దేంతో? తలెత్తి చూస్తే ఎదురుగా బిందె.

మా వైపు ఎండాకాలం పెళ్ళి ఊరేగింపు వీధిలోకి వస్తుంటే ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి దారికి వారపోస్తారు. దుమ్ము అణగాలని, పెళ్ళివారి దారి చల్లగా ఉండాలని. పెళ్ళికూతురి వీధిలోకి అప్పుడే అడుగుపెట్టాం కాబట్టి గడప గడపకీ ఒకరు బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు. మొదటి బిందె పెళ్ళికూతురి నాయనమ్మది. తెల్లచీర, కర్రలాంటి మనిషి. వారపోయబోతుంటే నేను బిందె అంచు పట్టుకున్నాను.

"ఏమే, ఎవరే నువ్వు?"

"బండి పిల్లనమ్మా. నీళ్ళు నేలకొద్దు, దీనికి పోద్దాం. ఎండకి సొమ్మసిల్లింది."

ఆమె నన్ను చూసింది, తెరిచిన బానెట్ చూసింది. "మా గేదెలకి పోసినట్టేనా?"

"అంతేనమ్మా. కానీ ఇంజను మీద పడకూడదు, ఈ గొట్టానికి గుడ్డ చుట్టి గుడ్డ మీద పొయ్యాల." నా దగ్గరున్న గుడ్డ నూనె గుడ్డ. దాన్ని ఆ సెగలో పెట్టానంటే గురజాలలో బీడీలు చుట్టడం కాదు, ఇక్కడే బీడీల్లా కాలిపోతాం. ఇంకో గుడ్డ కావాలి, నూలుది, పొడుగ్గా. ముసలమ్మ కళ్ళు కామందు భుజం మీదికి పోయాయి. జరీ అంచు కండువా.

"అయ్యా, వియ్యంకుడు గారూ," అంది ఆవిడ, తేనె కారుతున్న గొంతుతో, "తమరేమీ అనుకోకపోతే ఆ కండువా ఒక్కసారి ఇప్పించండి. మీ బండికి వడదెబ్బ తగిలిందంట."

అంత మర్యాదగా అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఇచ్చాడు. పెట్రోలు గొట్టానికి, గిన్నెకి జరీ కండువా చుట్టాను. ముసలమ్మ పసిబిడ్డకి పోసినట్టు సన్నగా పోసింది. బుస్సుమని ఆవిరి లేచి, తగ్గి, ఆగింది. పంపు టక టక... టక... టక్. నోరు మూసుకుంది. "తిప్పు మామూ!" అన్నాను. తిప్పాడు. గర్రుమంది. మేళగాళ్ళు ఏమనుకున్నారో ఏమో, ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు.

ఇక అక్కణ్ణించి చూడాలి. మిడత ఒక రెక్క ఎత్తుకుని, జరీ కట్టు కట్టుకుని, గడప గడప దగ్గరా ఆగి నీళ్ళు తాగుతూ పోయింది. ప్రతి ఇల్లాలూ తన బిందె కూడా బండికే పోయాలని పట్టుబట్టింది. "మా బిందె మాత్రం నేలపాలెందుకు?" అని ఒకావిడ నాతో దెబ్బలాటకొచ్చింది. ఇంకొకావిడ నీళ్ళలో పసుపు కలిపి తెచ్చి, బండికి దిష్టి తగిలిందని మూడుసార్లు తిప్పి మరీ పోసింది. పెళ్ళికొడుకు పట్టుపంచె మోకాళ్ళ దాకా తడిసింది. మధ్యలో ఒక ఇంటికి తాళం ఉంది. ఆ గడప దాటేసరికి పంపు మళ్ళీ టకటకలాడింది. అప్పుడు మా మామూ బండిలోంచి సగం లేచి, రెండు చేతులూ ఎత్తి, లారీ షెడ్డులో అరిచే గొంతుతో అరిచాడు. "నీళ్ళు! అమ్మా, ఎవరైనా ఇంకో బిందె! తొందరగా!" అరిచాక నావైపు చూశాడు. నేను చూడనట్టు కండువా పిండుతున్నాను. నా నవ్వు మాత్రం ఆయనకి కనబడే ఉంటుంది.

పెళ్ళికూతురి గడప ముందు మిడత తనంతట తానే వచ్చి ఆగింది. ఎవడూ చెయ్యెయ్యలేదు.

తెల్లారి టీ కొట్టు దగ్గర మా మామూ గ్లాసు పట్టుకుని మొదలుపెట్టాడు. "అది నడవటమా బావా? ఊరి నీళ్ళన్నీ తాగింది. నీళ్ళు పొయ్యకూడదని మాట్లాడుకున్నాం గదా." అప్పుడు మా అబ్బా, ఎప్పుడూ నోరెత్తని అబ్బా, పంచర్ వేస్తున్న ట్యూబులోంచి తలెత్తకుండానే అన్నాడు. "తొయ్యకూడదన్నావు బామ్మర్దీ. అందరం విన్నాం. తొయ్యలా. పైగా నీళ్ళు నీళ్ళని ఊరంతా వినేలా అరిచింది నువ్వే." టీ కొట్టాయన ఈసారి నవ్వలేదు, నవ్వు ఆపుకోవడానికి పొయ్యి వైపు తిరిగాడు. నేనూ అటు చూశాను. పొయ్యి పక్కన నిలబెట్టిన మన రేకు! మంటకీ ఆయన వెన్న గిన్నెకీ మధ్య అడ్డం పెట్టుకున్నాడు. రేకుకి అవతల నిప్పులు మండుతున్నాయి. ఇవతల వెన్న కరక్కుండా కూచుని ఉంది.

నేను లేచి, వీధి దాటి, వెన్న గిన్నె ఎత్తి ఆయన చేతిలో పెట్టి రేకు తీసుకుని వచ్చాను. మా మామూ ముందు నుంచే వచ్చాను. రేకుని చూపించలేదు, దాచనూ లేదు. ఆయన రేకు చూశాడు, వెన్న చూశాడు, టీ ఒక్క గుక్కలో తాగేశాడు. నా గోళ్ళు మాత్రం చూడలేదు. ఆ రోజే కాదు, తర్వాత ఎన్నేళ్ళు బతికినా చూడలేదు. కామందు మిడతని మళ్ళీ మా షాపుకే పంపాడు, రేకు దాని చోట అది కూచుంది. ఆ నోటా ఈ నోటా పాకి, చువ్వల చక్రాల బండి ఎవరికి ఉన్నా మా షాపుకే తోలడం మొదలైంది. తర్వాత తర్వాత మా మామూ తన లారీ గిరాకీలతో "దొరల బండ్లయితే మా అమ్మాయి కాడికి పోండి, నేనే నేర్పించా" అని చెప్పుకునేవాడట. చెప్పుకోనీ. నేనూ ఒప్పుకోలేదు, ఆయనా మానలేదు.

ఈ ఏడు రోహిణి కార్తెలో మా షెడ్డు ముందు ఒక కారు వచ్చి ఆగింది. పెద్దది, తళతళలాడుతోంది, చప్పుడే లేదు. చప్పుడు లేకుండా ఆగిందంటే ఇంజను ఆరిపోయిందనే కదా నాకు తెలిసిన అర్థం. పైగా అందులో కుర్రాడు స్టీరింగు పట్టుకుని బిత్తరచూపులు చూస్తున్నాడు. నా చేతికి బిందె ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు. బానెట్ మీద నిండుగా కుమ్మరించాను. కుర్రాడు తలుపు తీసుకుని ఒక్క దూకు దూకాడు. "అమ్మమ్మా! ఇది కరెంటు బండి! చెడిపోలేదు, అడ్రసు అడుగుదామని ఆగా!" అన్నాడు.

"అయితే ఏంది? చల్లబడిందిగా. పో" అన్నాను.

వాడు నవ్వి వెళ్ళిపోయాడు. తడిసిన నేల మీద నుంచి మట్టి వాసన లేచింది. ఆ వాసనలో, చంకన ఖాళీ బిందెతో, గోళ్ళ నిండా గ్రీజుతో నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఎవరైనా చూసి ఉంటే ముసలిదానికి మతి పోయిందనుకునేవాళ్ళు. అనుకోనీ. నా చెవులు మాత్రం టకటక ఆగిందా లేదా అని వింటున్నాయి.